సంచి సింహం దవడతో పాలమూరుకు

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు హైదరాబాదు మీదుగా పోతే సుఖమని మా స్టాఫ్ రూంలో అందరూ చెప్పారు. అందరూ చెప్పారు కాబట్టే నేను దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోయాను. ఆ దారిన పోని వాళ్ళ కోసం, పోకుండానే నాకు సలహాలిచ్చిన వాళ్ళ కోసం కూడా ఇది రాస్తున్నాను.

నా ఒళ్ళో ఒక రేకు పెట్టె. అందులో పాత దుప్పట్లో చుట్టిన ఒక పుర్రె. అసలుది కాదు, ప్లాస్టరు అచ్చు. ఒక పాత కాలేజీ తన మ్యూజియం మూసేస్తూ మా జంతుశాస్త్ర విభాగానికి ఇచ్చింది. ఏటా సైన్సు ఎగ్జిబిషన్ ముందు దానికి నేనే ఎనామిల్ రంగు వేస్తాను. వేరే వాళ్ళను ముట్టనివ్వను. ఆస్ట్రేలియాలో ఎప్పుడో తిరిగి, అంతరించిపోయిన జంతువు అది. చిరుతపులికి మించిన ఒళ్ళు, కంగారూకు లాగా పిల్లను మోసే సంచి. పుస్తకాల్లో సంచి సింహం అంటారు. ఆ కుటుంబంలో ఇవాళ ఒక్క ప్రాణీ మిగల్లేదు. మిగిలినవి ఎముకలు, అందులోనూ ఎక్కువగా పళ్ళు. కాబట్టి దాని చుట్టాలెవరో పళ్ళను అడిగే తెలుసుకోవాలి.

పేచీ అంతా ముందరి పెద్ద పన్ను దగ్గర. పై దవడకు రెండు, కింది దవడకు రెండు, బొటనవేలికన్నా లావు. అవి ఎలుకకున్నట్టు పెరిగి పొడవైన ముందరి పళ్ళే అని పుస్తకాలు చెప్తాయి. అలాగైతే దాని చుట్టాలు ఆ దేశపు సంచి జంతువుల్లో ఆకులు తినే కోవాలా, గడ్డి తినే వాంబాట్. మాంసం తిన్నా, పుట్టింది ఆకులు మేసే వంశంలోనే. కాదు, అవి పులికున్నట్టు కోరపళ్ళు అని నా వాదం. అప్పుడు దాని చుట్టాలు మాంసం తినే సంచి తోడేళ్ళు అవుతాయి. పుస్తకాలు రాసిన వాళ్ళు ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. నేను అచ్చును చూశాను. పెద్ద పన్నుకూ వెనకాల కత్తిలాంటి దవడ పన్నుకూ నడుమ ఏమీ లేదు, పిల్లి నోట్లో ఉన్నట్టు నున్నటి ఖాళీ.

తొమ్మిదేళ్ళ కిందట ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చిన ఒక పరీక్షకుడితో ఈ మాటే అన్నాను. ఆయన అచ్చు వైపు కూడా చూడలేదు. "ముందరి పళ్ళండీ అవి. అయినా మీ నల్లగొండ వాళ్ళకు సొంత పళ్ళే సరిగా ఉండవు, జంతువుల పళ్ళ గొడవ మీకెందుకు?" అన్నాడు. పదహారు మంది పిల్లలు నవ్వారు. మా నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. నా ముందరి పళ్ళ మీద కూడా రెండు గోధుమరంగు చారలున్నాయి. ఆ రోజు నుంచి నేను నోరు మూసుకునే నవ్వుతాను.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో జంతుశాస్త్ర అధ్యాపకుల సభ. అధ్యక్షుడు ఆయనే. నేను పద్దెనిమిది పేజీల వ్యాసం రాసి పంపితే ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ పళ్ళు కోరపళ్ళే అని ఆయన నోటితో, నలుగురిలో అనిపించాలి. అందుకే ప్రయాణం.

దేవరకొండ దాటాక

దేవరకొండలో మిరపకాయ బజ్జీలు బాగుంటాయని విన్నాను. నాకు మాత్రం బజ్జీల బండివాడు నిన్నటివి వేడి చేసి ఇచ్చాడు. అడిగితే, "పొద్దుగాల్నే ఎవరు చేస్తరు సారు?" అని నన్నే తప్పుపట్టాడు. పైన కోట ఉంది. పెట్టె వదిలి ఎక్కలేక కిందినుంచే చూశాను.

కల్వకుర్తి బస్సులో కండక్టరు నా పెట్టె చూసి లగేజీ టికెట్ తీసుకొమ్మన్నాడు. ఒళ్ళో పెట్టుకున్న దానికి టికెట్ లేదని రూల్ చెప్పాను.

"ఒళ్ళె వట్టెడిదైతె ఒళ్ళె వెట్టుకోవాలె గని, పక్క సీటు మీదికి గంత గనం ఒచ్చిందేంది?" అన్నాడు.

"కొలువు. సీటు నాది ఎంత, పెట్టె ఎంత?"

"నేను కొలిశెటోన్ని గాదు సారు, టికెట్ కొట్టెటోన్ని. గిండ్ల బ్యారం సామానేమన్న ఉన్నదా?"

ఆ బ్యారం అన్న మాట నాకు గుచ్చుకుంది. అధ్యాపకుడిని, బ్యారగాడిని కాను. నిరూపిస్తానని పెట్టె మూత తీసి దుప్పటి తొలగించాను. అంత చేయాల్సిన పని లేదు. రెండు రూపాయల టికెట్ తీసుకుంటే పోయేది.

పక్క సీటులో చంటిబిడ్డ తల్లి ఒక్క కేక వేసి బిడ్డ మొహం మీద కొంగు కప్పింది. వెనక సీట్ల వాళ్ళు లేచి నిలబడ్డారు. "పుర్రెరా!" అన్నారొకరు. "బాణామతి సామానది, మంత్రగాడు!" అన్నారింకొకరు. ప్లాస్టరని చెప్పాను. గోటితో గీకి తెల్ల పొడి చూపించాను. ఆ తెల్ల పొడి చూసి ఇంకా భయపడ్డారు. బస్సు ఆపించి నన్ను దింపారు. నేను కింద నిలబడ్డాక ఎవరో పెట్టెను కిటికీలోంచి వదిలారు. రాళ్ళ మీద పడ్డ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. మూత తీస్తే కింది దవడ రెండు ముక్కలై ఉంది. మూతి దగ్గర పెచ్చు లేచింది.

రోడ్డు పక్క ఒక గుడిసె హోటలు. అక్కడి ముసలాయన చాయ్ పోసి, పైసలు తీసుకోకుండా ముందు నా పెట్టె మూత తనే గట్టిగా మూశాడు.

"మా దిక్కు గిసొంటియి సూపియ్యొద్దు సారు. నువ్వు సదువుకున్నోనివని దించి ఊకున్నరు. గరీబోనివైతె పండ్లూడగొడుతుండ్రి."

"పళ్ళెందుకు?"

"ముంగటి పండ్లు లేకుంటె మంత్రం సక్కగ పలుకది గద. పలుకకుంటె పారది." సున్నం, వక్క గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. మా నల్లగొండలో కూడా ఈ మాట విన్నాను కానీ ఎవరో ఎక్కడో అన్నట్టు విన్నాను. ఇక్కడ చాయ్ పోసిన చెయ్యి ఎటు చూపించిందో అటు ఒక ఊరు కనిపిస్తోంది.

కల్వకుర్తి

సాయంత్రానికి ఒక లారీ నన్ను కల్వకుర్తిలో దించింది. లాడ్జిలో ఇరవై అయిదు రూపాయలకు కిటికీ లేని గది. కిటికీ ఉన్నది ఖాళీగా ఉంటే కూడా ఇవ్వలేదు. "గది ఆఫీసరు సార్లకు" అన్నాడు మేనేజరు. రిజిస్టరులో 'అభిప్రాయాలు' అన్న చోట నా అభిప్రాయం రాశాను.

భోజనం మాత్రం తప్పు పట్టలేను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. మా వైపు సాగర్ కాలువ వచ్చాక జొన్నరొట్టె అంటే చక్కెర జబ్బు వాళ్ళ తిండి అయింది. ఇక్కడ రొట్టె చేసే ఆమె నేను అన్నం అడగనందుకు సంతోషించి ఇంకో రొట్టె వేసింది. బస్టాండులో మూటలు, గంపలు, వంట గిన్నెలతో మూడు నాలుగు కుటుంబాలు నేల మీద కూర్చుని ఉన్నాయి. పూనా వైపు మట్టిపనికి పోతున్నారట. ఎప్పుడొస్తారని ఒకాయనను అడిగితే, "వానలు వడితె" అన్నాడు. వాళ్ళ పక్కన కూర్చుని నా విరిగిన దవడను చూసుకోవడం నాకే బాగోలేదు. అయినా చూసుకున్నాను.

పాలమూరు, పళ్ళు కట్టే ఖాదర్ సాబ్

రెండో రోజు పదింటికి మహబూబ్‌నగర్. రోడ్ల పక్కన సీతాఫలాల గంపలు, చెప్పలేనంత చవక. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ప్లాస్టరు పని చేసే వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. చాయ్ ఇచ్చినతను వేలితో పక్క సందు చూపించాడు. సందులో ఒక చిన్న దుకాణం, తలుపు మీద ఎర్ర చిగుళ్ళతో ఒక పళ్ళ సెట్టు బొమ్మ.

ఖాదర్ సాబ్‌కు అరవై దాటి ఉంటాయి. నలభై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. పుర్రె చూసి ఉలిక్కిపడని మొదటి మనిషి.

"గిదేం జాన్వర్ సార్?"

"సంచి సింహం. మాంసం తినేది. రేపు సభలో చూపించాలి."

"ఫికర్ చెయ్యకుండ్రి, శామ్ వరకు నిలవెడత. జర రంగు గీకాలె. రంగు మీద ప్లాస్టర్ పట్టది."

రంగు గీకొద్దన్నాను. తొమ్మిదేళ్ళ రంగు అది, నేను వేసింది. ఆయన వినలేదు. "పని నాది, పుర్రె మీది" అని చిన్న కత్తితో మొదలుపెట్టాడు. నాకు కోపం వచ్చింది కానీ అప్పటికే సగం పోయింది.

బెంచీ మీద ఒక ముసలమ్మ కొంగుతో నోరు కప్పుకుని కూర్చుంది. పేరు బాలమ్మ. పక్క మండలం నుంచి కొలతకు వచ్చింది. ఆమెకు పై ముందరి పళ్ళు నాలుగూ లేవు. నేను చూస్తున్నానని గమనించి తనే చెప్పింది.

"మా ఊరోల్లు పీకిండ్రు సారూ. పదకొండేండ్లాయె. పక్కింటి పోరికి జ్వరమొస్తె నేను జేసిన్నన్నరు. పటకారుతోటి పీకిండ్రు."

"ఎవరెవరు?" అని అడిగాను. నేనైతే పేర్లు రాసి పెట్టుకుని ఉండేవాణ్ణి.

"పేర్లెందుకు సారు? చేతులు వట్టుకున్నోడు మొన్న కలుపుకు పిలిచిండు."

"పోయినవా?"

"పోకుంటె తిండెట్ల?" ఖాదర్ సాబ్ వైపు చూసి, "గిప్పుడు పండ్లు కట్టిచ్చుకుంటున్ననని ఎరుకైతె మల్ల ఏమంటరో" అని నవ్వింది. నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఖాదర్ సాబ్ మాట మార్చడానికన్నట్టు పుర్రె గురించి అడిగాడు. నేను చుట్టరికాల గొడవంతా చెప్పాను. నా మీద కోపంతో కొందరు దీన్ని గడ్డి తినే వాటితో కలుపుతున్నారని, మాంసం తినేది గడ్డి తినేదానికి చుట్టమెలా అవుతుందని అన్నాను.

"ఎందుకు గాదు? మా అన్న పహిల్వాన్, పొద్దుకు పావు శేరు నెయ్యి తాగుతుండె. నేను గీ మైనం పిసుక్కుంట బతుకుతున్న. అమ్మ ఒక్కతే." పై దవడ కింద మైనం పెట్టి, అతికించిన కింది దవడ పైకి ఒత్తాడు. తర్వాత నడుమ ఒక కార్బన్ కాగితం ముక్క పెట్టి మళ్ళీ ఒత్తాడు. పళ్ళ సెట్టు మనిషికి కుదిరిందో లేదో ఆయన అలాగే చూస్తాడట. తీసి పుర్రెను వెలుతురులో పెట్టాడు. నీలం మచ్చ పై పెద్ద పన్ను వెనక పక్కన పడింది.

"కోరపన్నంటరా సార్ దీన్ని? మనిషిల గాని, కుక్కల గాని, కింది కోర పై కోరకు ముంగట కూసుంటది. గిది ఎనక కూసున్నది. కోర గాదు."

"నువ్వు మనుషుల పళ్ళు కడతావు. ఇది వేరు" అన్నాను.

"వేరే" అని ఒప్పుకుని, మూతి దగ్గర లేచిన పెచ్చు అతకడానికి కుడి పక్క రంగు గీకడం మొదలుపెట్టాడు. ఆ పక్క నేను ఎప్పుడూ మందంగా పూసేసేవాణ్ణి, అది గోడ వైపు ఉంటుంది కాబట్టి. పెచ్చులు లేస్తుంటే పెద్ద పన్ను వెనక ఏదో బయటపడింది. బఠాణీ గింజంత ఒకటి. దాని వెనక ఇంకొకటి. తర్వాత ముఖపు రెండు ఎముకలు కలిసే అతుకు, సన్నటి గీత. అతుకు దాటగానే ఇంకో చిన్న పన్ను.

మా కాలేజీ పిల్లలకు ఏటా చెప్తాం. పై దవడలో అతుకు దాటగానే వచ్చే మొదటి పన్ను కోరపన్ను. ఎంత పెద్దదా, ఎంత చిన్నదా అన్నది కాదు, ఎక్కడ మొలిచిందన్నది లెక్క. సంచి సింహం కోరపన్ను బియ్యపు గింజంత. దాని ముందున్న మూడూ ముందరి పళ్ళు, పెద్దదానితో కలిపి. అంటే పుస్తకాలు ఒకరిని చూసి ఒకరు రాసుకున్నవి కావు.

బాలమ్మ లేచి వచ్చి దగ్గరగా చూసింది. పుర్రెను అటూ ఇటూ తిప్పింది.

"గీ పక్కకు సిన్న పండ్లున్నయి. ఆ పక్కయి ఎవరు పీకిండ్రు?"

ఖాదర్ సాబ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అచ్చు మా కాలేజీకి వచ్చిన మొదటి ఏడు, ఎగ్జిబిషన్‌కు ముందు రోజు, ఎడమ పక్క చూసేవాళ్ళ వైపు ఉంటుందని గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. గింజల్లాంటివి తగిలాయి. పోత పోసేటప్పుడు వచ్చిన గాలిబుడగలనుకున్నాను. అవి పోయేదాకా రుద్దాను. తర్వాత తొమ్మిదేళ్ళు ఆ నున్నటి జాగాను చూపించే వాదించాను.

ఆమె వంతు రాగానే కుర్చీలో కూర్చుంది. ఖాదర్ సాబ్ ఆమె నోట్లో మైనం పెట్టి "కరువమ్మా" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా కరిచింది. ఆయన తీసేదాకా వదల్లేదు.

సభ

మూడో రోజు పొద్దున హాలుకు ముందే పోయి బల్ల మీద పుర్రె పెట్టాను. ఎడమ పక్క జనం వైపు తిప్పి పెడితే ఎవరికీ తెలియదు. పద్దెనిమిది పేజీలూ చదివేయొచ్చు. ఆ ఆలోచన వచ్చిందని దాచను. తిప్పాను కూడా. ఒక నిమిషం అలాగే ఉంచాను. తర్వాత కుడి పక్క జనం వైపు తిప్పాను. ఎందుకంటే ఏం చెప్పను. నాకు అన్యాయం చేసిన వాళ్ళందరి పేర్లూ నా దగ్గరున్నాయి, ఆ వరసలో నా పేరు చేరడం నాకు ఇష్టం లేదు. అంతకన్నా గొప్ప కారణం లేదు.

ఇరవై మంది దాకా వచ్చారు. పరీక్షకుడు బాగా ముసలివాడయ్యాడు. ఆయన కుర్చీ నా వెనక ఉంది, పుర్రె ఎడమ పక్కకు ఎదురుగా. నన్ను చూసి గుర్తుపట్టినట్టు తలూపాడు, కానీ అందరికీ అలాగే ఊపుతున్నాడు.

వ్యాసం జేబులోంచి తీయలేదు. నాలుగు మాటల్లో చెప్పాను. ఈ పెద్ద పళ్ళు కోరపళ్ళని నేను తొమ్మిదేళ్ళుగా అంటున్నాను, అది తప్పు. అవి ముందరి పళ్ళే. అసలు కోరపన్ను ఇదిగో, అతుకు వెనక. ఈ కుటుంబం ఆకులు తినే వాటి వంశంలోదే, సంచి తోడేలుకు దగ్గర చుట్టం కాదు. అధ్యక్షుల వారు అప్పుడు చెప్పిందే సరి.

ఆ చివరి మాట అనడానికి నాకు ఎంత పట్టిందో అక్కడెవరికీ తెలియదు. నేను ఎదురుచూసింది ఒక్కటే. ఆయన 'అవును, అప్పుడు నేనలా అనకుండా ఉండాల్సింది' అంటాడని. లేదా మళ్ళీ ఎగతాళి చేసినా సరే.

ఆయన లేచి వచ్చి పుర్రె మీద వంగాడు.

"ఇవి ముందరి పళ్ళేమిటండీ? కోరపళ్ళు కదూ! చూడండి ఎంత నున్నటి ఖాళీ ఉందో వెనకాల. నేను ఎప్పుడూ కోరపళ్ళనే చెప్తూ వచ్చాను."

"కాదన్నది మీరే సార్. నల్లగొండలో, ప్రాక్టికల్స్‌కు వచ్చినప్పుడు."

"నల్లగొండా? నేనెప్పుడొచ్చాను నల్లగొండ?" అని జనం వైపు చూశాడు. కొందరు నవ్వారు.

"పదహారు మంది పిల్లల ముందు అన్నారు. మా పళ్ళ గురించి కూడా అన్నారు."

"మీ పళ్ళ గురించా? ఛ, ఛ, నేనెందుకంటానండీ!" నిజంగానే నొచ్చుకున్నట్టు నా భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో ఆ దెబ్బంత గట్టిగా ఇంకేదీ తగల్లేదు.

పుర్రెను పట్టుకుని కుడి పక్క ఆయన వైపు తిప్పాను. చిన్న పళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా చూసి, తలూపాడు.

"గాలిబుడగలండీ ఇవి. పోతలో వస్తుంటాయి. గరుకు కాగితంతో రుద్దితే పోతాయి."

కాదన్నాను. అతుకు చూపించాను. కార్బన్ మచ్చ చూపించాను. గొంతు పెంచానని తర్వాత ఒకరు చెప్పారు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన అన్న మాటనే ఆయనకు ఎదురుగా నిలబడి వాదించాను, ఆయన నా మాటను పట్టుకుని కదల్లేదు. కార్యదర్శి గంట కొట్టి భోజనాలకు లేవమన్నాడు. పులిహోర, పెరుగన్నం. ఎవరూ నా పక్కన కూర్చోలేదని అనను. ఒకాయన కూర్చుని, మీ వైపు ఇళ్ళ జాగా గజం ఎంతుందని అడిగాడు.

తిరిగి హైదరాబాదు మీదుగానే వచ్చాను. నిజంగానే సుఖంగా ఉంది.

నెల తర్వాత సభ నివేదిక పోస్టులో వచ్చింది. 'నల్లగొండ అధ్యాపకులు అధ్యక్షుల వారి అభిప్రాయంతో విభేదించిరి' అని ఒక వాక్యం. దాన్ని సవరించమని రాశాను. మొదటిసారి తప్పు నాది, రెండోసారి తప్పు ఆయనది, రెండూ వేయండి, ఆయన నల్లగొండలో అన్న మాటతో సహా వేయండి అని. కార్యదర్శి కార్డు మీద జవాబిచ్చాడు. సవరణ అందిందని, పళ్ళ సంగతి పరిశీలిస్తామని, నల్లగొండ సంగతి మాత్రం వేయలేమని. విచారిస్తే అది నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదట.